చేపల తొట్టెకు సొంత ఎల్‌ఈడీ లైటు: హైదరాబాదు వేసవికి తట్టుకునేలా కట్టే పద్ధతి

మొక్కలు పెంచే చేపల తొట్టెకు ఎంత వెలుతురు కావాలన్నది రెండు చిన్న లెక్కలతో తేలిపోతుంది. వేడి సంగతి అంత సులువుగా తేలదు. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాదులో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. పై అంతస్తు ఇళ్లలో స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది. అలాంటి గదిలో రోజుకు ఏడెనిమిది గంటలు వెలగాల్సిన ఎల్‌ఈడీ తన వేడిని ఎటు వదులుతుందో ముందే చూసుకుని కట్టిన లైటు ఏళ్ల తరబడి నిలుస్తుంది. చూసుకోకపోతే వేసవి వచ్చినప్పుడల్లా కాస్త కాస్త మసకబారుతుంది. బజారులో దొరికే చవక ప్లాస్టిక్ ఫిట్టింగులతో నాకున్న అభ్యంతరం ఇదే. లోపల ఎల్‌ఈడీ పట్టీ, దాని వెనుక గాలి ఆడని డొల్ల. రెండు దీపాలు పోతే విప్పి బాగుచేసుకునే దారి ఉండదు, మొత్తం పారేయాల్సిందే.

ఇక్కడ చెప్పేది 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టెకు, అంటే మామూలుగా రెండడుగుల తొట్టె అనే దానికి సరిపోయే లైటు. మీ తొట్టె పెద్దదైతే అదే లెక్కను పెంచుకోవచ్చు. డ్రిల్లు పట్టడం, సోల్డరింగ్ చేయడం, మల్టీమీటర్ చూడడం వస్తే చాలు. 230 వోల్టుల వైపు మనం చేత్తో చేసేది ఏమీ ఉండదు, ఉండకూడదు కూడా.

వెలుతురు లెక్క

60, 30, 36లను గుణిస్తే 64,800 ఘన సెంటీమీటర్లు, దగ్గరదగ్గర 65 లీటర్లు. అడుగున మట్టి, రాళ్లు, పైన వదిలే ఖాళీ తీసేస్తే అసలు నీళ్లు 52 లీటర్ల వరకు ఉంటాయి. లీటరుకు 20 ల్యూమెన్ల లోపు వెలుతురుతో అనూబియాస్, జావా ఫెర్న్, క్రిప్టోకోరైన్ లాంటి నెమ్మది మొక్కలు హాయిగా బతుకుతాయి. 20 నుంచి 40 మధ్య వాలిస్నేరియా, బకోపా, రోటాలా వంటి కాడ మొక్కలు బాగా సాగుతాయి. 40 దాటితే కార్బన్ డయాక్సైడ్ సిలిండరు పెట్టక తప్పదు. లేకపోతే ఆ వెలుతురును మొక్కలకన్నా ముందు నాచు అందుకుంటుంది. ఇవి మోటు కొలతలే. ల్యూమెన్ మన కంటికి తగినట్టు చేసిన కొలత, మొక్క వాడుకునేది 400 నుంచి 700 నానోమీటర్ల మధ్య కాంతి. అయినా తెల్ల ఎల్‌ఈడీలకు ఈ లెక్క దారి తప్పించదు.

మనం వాడబోయేది 3 వాట్ల తరగతి ఎల్‌ఈడీలు 12: తొమ్మిది తెల్లవి, మూడు ఎర్రవి. తెల్లవి 6500 కెల్విన్ రకం, అంటే పగటి వెలుగులాంటి తెలుపు, తీసుకోండి. ఎర్రవి 660 నానోమీటర్లవి అని అడిగి తీసుకోవాలి, మామూలు ఎరుపు వద్దు. కారణం ఉంది. తెల్ల ఎల్‌ఈడీ లోపల నిజానికి నీలి చిప్పు మీద పసుపు ఫాస్ఫర్ పూత ఉంటుంది. అందుకే దాని కాంతిలో నీలం పుష్కలంగా ఉండి, 650 దాటిన ముదురు ఎరుపు బాగా తగ్గిపోతుంది. పత్రహరితం ఎక్కువగా పీల్చుకునేది సరిగ్గా ఈ రెండు కొసల్లోనే. నీలం ఎలాగూ ఉంది కాబట్టి విడిగా నీలి దీపాలు కలపనక్కరలేదు, అవి నాచుకూ ఇష్టమే. ఎరుపు కలిపితే మొక్కలకు మేలు, చేపల రంగులూ తేటగా కనిపిస్తాయి.

500 మిల్లీఆంపియర్ల దగ్గర మంచి రకం తెల్ల ఎల్‌ఈడీ ఒక్కొక్కటి సుమారు 150 ల్యూమెన్లు ఇస్తుంది. తొమ్మిదింటికి 1,350, అంటే లీటరుకు 26. కాడ మొక్కలకు సరిపోతుంది, నెమ్మది మొక్కలకైతే తగ్గించుకునే వీలు పెడతాం.

వేడి లెక్క

ఇదే ఎల్‌ఈడీని 700 మిల్లీఆంపియర్ల దాకా నడపవచ్చని దుకాణంలో చెబుతారు, అది నిజమే. కానీ అప్పుడు దాని వాడకం 1.55 వాట్ల నుంచి 2.3 వాట్లకు ఎగబాకుతుంది, వెలుతురు మాత్రం మూడో వంతుకు మించి పెరగదు. మిగిలిందంతా వేడే. ఈ ఊళ్లో 500 దగ్గర ఆపడమే తెలివైన పని అని నా గట్టి నమ్మకం. వెలుతురు ఇంకా కావాలంటే ఇంకో రెండు ఎల్‌ఈడీలు పెంచండి, కరెంటు పెంచకండి.

12 ఎల్‌ఈడీలకు కలిపి 17 వాట్లు. అందులో మూడింట రెండు వంతులు, 11-12 వాట్లు, వేడిగా బయటికి పోవాలి. హీట్ సింకుగా, అంటే వేడిని లాగి గాలిలోకి వదిలే లోహంగా, 50 మిల్లీమీటర్ల అడుగు, 25 మిల్లీమీటర్ల రెక్కలు ఉన్న అల్యూమినియం యూ-చానల్‌ను 58 సెంటీమీటర్లకు కోయించి వాడతాం. లోపలా బయటా కలిపి దాని ఉపరితలం 1,100 చదరపు సెంటీమీటర్ల పైచిలుకు. ఫ్యాను లేకుండా చల్లబడాలంటే ఒక్కో వాట్ వేడికి కనీసం 60 చదరపు సెంటీమీటర్లు ఉండాలన్నది ఇలాంటి పనుల్లో వాడే మోటు కొలత. మనకు 90కి పైగా వస్తోంది. గది 40 డిగ్రీలున్న మధ్యాహ్నం కూడా చానల్ 60 దాటదు.

చానల్‌ను ఎలా పెడతామన్నది ముఖ్యం. తెరిచిన వైపు పైకి, చదును వైపు నీళ్లకేసి ఉండాలి. ఎల్‌ఈడీలు చదును మీద కూర్చుంటాయి, రెక్కలు పైకి లేచి గాలికి తగులుతాయి. బోర్లించి పెట్టి ఎల్‌ఈడీలను లోపల దాచితే చూడ్డానికి బాగుంటుంది గానీ వేడి అక్కడే నిలుస్తుంది.

సామాను

ఎల్‌ఈడీలు, డ్రైవర్లు, థర్మల్ పేస్ట్, తీగ వంటి ఎలక్ట్రానిక్ సామానుకు కోఠిలోని గుజరాతీ గల్లీ ఉండనే ఉంది. ఎల్‌ఈడీలను 20 మిల్లీమీటర్ల అల్యూమినియం స్టార్ బిళ్లల మీద అతికించినవే అడగండి. బోల్టులు, బిగింపు సామాను రాణీగంజ్‌లోనో మీ పేటలోని హార్డ్‌వేర్ దుకాణంలోనో దొరుకుతాయి. యూ-చానల్ కోసం దూరం పోనక్కరలేదు. కిటికీలు, పార్టిషన్లు చేసే అల్యూమినియం దుకాణంలో కొలత చెబితే అక్కడే కోసి ఇస్తారు. ఆనోడైజ్ చేసినది దొరికితే అదే తీసుకోండి, నిగనిగలాడే ఉట్టి అల్యూమినియం కన్నా వేడిని మెరుగ్గా వెదజల్లుతుంది. ఆక్రిలిక్ ముక్కలు నేమ్‌బోర్డులు చేసేవాళ్ల దగ్గర దొరుకుతాయి.

డ్రైవరుగా మీన్ వెల్ ఎల్‌డీడీ-500హెచ్‌డబ్ల్యూ రకం రెండు కావాలి. ఇది 9 నుంచి 56 వోల్టుల డీసీ తీసుకుని 500 మిల్లీఆంపియర్ల స్థిర కరెంటు ఇస్తుంది, డిమ్మింగ్ తీగ కూడా ఉంటుంది. స్థిర కరెంటు మీద ఇంత పట్టు ఎందుకంటే, ఎల్‌ఈడీ వేడెక్కే కొద్దీ దాని వోల్టేజి కాస్త పడిపోతుంది. స్థిర వోల్టేజి ఇస్తే అప్పుడు కరెంటు పెరుగుతుంది, దాంతో వేడి ఇంకా పెరుగుతుంది, ఆ చక్రం ఎల్‌ఈడీ మాడేదాకా ఆగదు. మన వేసవిలో ఆ చక్రం మొదలవడానికి పెద్దగా సమయం పట్టదు.

వీటికి ముందు బీఐఎస్ గుర్తు ఉన్న, అన్ని వైపులా మూసిన 24 వోల్టుల, 2 ఆంపియర్ల అడాప్టర్. వాడేది 20 వాట్ల చిల్లర, అడాప్టర్ సత్తా 48. సగం బరువు కూడా మోయని అడాప్టర్ చల్లగా ఉంటుంది. పైగా నీళ్ల దగ్గరికి వచ్చే తీగలో 24 వోల్టులకు మించి ఉండదు. మొత్తం ఈ పద్ధతిని ఎంచుకోవడానికి నాకు అదే పెద్ద కారణం.

ఇవి కాక: 0.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ రెండు రంగుల్లో, ఎం3 స్టెయిన్‌లెస్ బోల్టులు, నట్లు, నైలాన్ వాషర్లు, 3 మిల్లీమీటర్ల పారదర్శక ఆక్రిలిక్ పట్టీ, 10 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ కడ్డీలు, న్యూట్రల్ సిలికాన్. తొట్టె అతికించే సిలికాన్‌లో చాలావరకు ఆరేటప్పుడు వెనిగర్ వాసన వచ్చేది. ఆ ఆమ్లం రాగినీ టంకాన్నీ తింటుంది. ఎలక్ట్రానిక్స్ పక్కన దాన్ని వాడవద్దు.

కట్టడం

1. చానల్ చదును వైపు మధ్యగా పొడవునా గీత గీయండి. ఒక కొస నుంచి 4.25 సెంటీమీటర్లు వదిలి మొదటి గుర్తు, అక్కడి నుంచి 4.5 సెంటీమీటర్ల ఎడంతో 12 గుర్తులు. ఎర్రవి 3, 7, 10 స్థానాల్లో వస్తాయి. పక్కపక్కనే పెడితే నీళ్లలో ఎర్రటి మచ్చ పడుతుంది.

2. స్టార్ బిళ్లను గుర్తు మీద పెట్టి, ఎదురెదురుగా ఉన్న రెండు గాడుల్లోంచి సూదితో గుర్తు వేయండి. గాడులు చానల్ పొడవు దిశలో ఉండాలి, అప్పుడే బోల్టు తలలు పక్కనుండే ఆక్రిలిక్ కడ్డీలకు తగలవు. 3.2 మిల్లీమీటర్ల రంధ్రాలు వేయండి.

3. రంధ్రం అంచున లేచిన లోహపు ముళ్లను ఆకురాయితో పూర్తిగా తీసేయాలి. వేలి కొసతో నిమిరితే ఏమీ తగలకూడదు. వెంట్రుక మందం ముల్లు ఉన్నా బిళ్ల ఒక పక్క లేచి ఉంటుంది, దాని కింద గాలి పొర నిలుస్తుంది. ఎంత మంచి పేస్ట్ రాసినా ఆ ఎల్‌ఈడీ మిగతావాటికన్నా వేడిగా నడుస్తుంది. ఈ పనికి ఎంత సేపు పట్టినా విసుక్కోకండి.

4. బిళ్లలను ఇంకా బిగించకముందే చెక్క మీద పెట్టి, వాటి ప్లస్, మైనస్ మెట్ల (తీగ అతికించే లోహపు చోట్ల) మీద టంకం పూత వేయండి. బిళ్ల అల్యూమినియంది కాబట్టి 25 వాట్ల ఐరన్ వేడిని అది లాగేసుకుంటుంది, టంకం ఉండలు కట్టి నిలుస్తుంది. 60 వాట్లది వాడితే రెండు మూడు సెకన్లలో టంకం పరుచుకుని మెరుస్తుంది. చానల్‌కు బిగించాక పూత వేయాలని చూస్తే ఆ 60 కూడా చాలకపోవచ్చు.

5. బిళ్లల వెనుక థర్మల్ పేస్ట్ పల్చగా, అడుగు లోహం రంగు కనిపించీ కనిపించనంతగా రాయండి. పేస్ట్ పని సూక్ష్మమైన గుంటలు నింపడమే, మందంగా రాస్తే వేడికి అదే అడ్డు. నైలాన్ వాషర్ వేసి బోల్టు బిగించండి. వాషర్ లేకపోతే బోల్టు తల మెట్లను తాకి షార్టు చేస్తుంది.

6. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి, ఒక్కో బిళ్ల ప్లస్‌కూ చానల్‌కూ మధ్య, మైనస్‌కూ చానల్‌కూ మధ్య చూడండి. ఎక్కడా మోగకూడదు. మోగితే ఆ బిళ్ల విప్పి చూసేదాకా ముందుకు పోవద్దు.

7. రెండు వరుసలుగా కలపండి. మొదటి వరుసలో ఆరు తెల్లవి: 6 సార్లు 3.1, అంటే 18.6 వోల్టులు. రెండో వరుసలో మూడు తెల్లవి, మూడు ఎర్రవి. ఎర్రది 2.2 వోల్టుల దగ్గర నడుస్తుంది కాబట్టి మొత్తం 15.9. రెండూ 24కు తగినంత దిగువనే ఉన్నాయి. డ్రైవరుకు ఆ ఎడం అవసరం. ఒకదాని మైనస్ తర్వాతిదాని ప్లస్‌కు, అలా గొలుసుగా పోవాలి. తెల్లవి రెండు వరుసల్లోనూ ఉన్నందున ఒక వరుస ఆగినా తొట్టె పూర్తిగా చీకటి కాదు. ఒక్కో వరుస రెండు కొసలూ తన డ్రైవరుకే తిరిగి రావాలి. రెండు వరుసల మైనస్‌లను ఒకచోట కలపకూడదు.

8. ఆక్రిలిక్ కడ్డీలను చానల్ రెండు అంచుల వెంట సిలికాన్‌తో అతికించండి. వాటి మీద కూర్చునే కింది మూతను, అంటే 3 మిల్లీమీటర్ల పారదర్శక ఆక్రిలిక్ పట్టీని, మాత్రం ఇప్పుడే వేయవద్దు.

మొదటిసారి వెలిగించడం

ఎల్‌ఈడీలు ముందు, కరెంటు తర్వాత. అడాప్టర్ ఆన్‌లో ఉండగా డ్రైవరుకు ఎల్‌ఈడీలు తగిలించకూడదు, విప్పనూ కూడదు. తగిలించేదేమీ లేనప్పుడు డ్రైవరు వోల్టేజి పూర్తిగా పైకి పోయి నిలుస్తుంది, అప్పుడు ఎల్‌ఈడీ తగిలిస్తే ఆ దెబ్బ మొత్తం దాని మీద పడుతుంది. సామాను పాడయ్యే దారుల్లో ఇది చాలా మామూలు దారి.

ఎల్‌ఈడీలను కాగితం మీదికి బోర్లించి వెలిగించండి, సూటిగా చూడకండి. మల్టీమీటర్‌ను ఆంపియర్లకు మార్చి వరుసలో కలిపి చూస్తే 0.5 దగ్గర చూపాలి. దాన్ని కలిపేటప్పుడూ తీసేటప్పుడూ అడాప్టర్ ఆపాలన్నది మరచిపోకండి. తర్వాత గంటసేపు వెలగనిచ్చి చానల్ రెక్క పట్టుకోండి. చురుక్కుమంటున్నా చెయ్యి తీయకుండా ఉండగలిగితే మన లెక్క సరిపోయినట్టే. మిగతా చోట్ల మామూలుగా ఉండి ఒక్కచోట మరీ కాలుతుంటే అక్కడి బిళ్ల సరిగా కూర్చోలేదు.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాకే కింది మూత అతికించాలి. చుట్టూ న్యూట్రల్ సిలికాన్ వేసి ఒక రోజు ఆరనివ్వండి.

తొట్టె మీద

నీటి మట్టానికి 15 సెంటీమీటర్ల పైన ఉంచితే లెన్సులు లేని 120 డిగ్రీల కాంతి ముందు అద్దం నుంచి వెనుక అద్దం దాకా పరుచుకుంటుంది. 6 మిల్లీమీటర్ల ఆక్రిలిక్ కాళ్లు చేయించవచ్చు, సీలింగ్ కొక్కెం నుంచి సన్నటి స్టీలు తీగతో వేలాడదీయవచ్చు. వేలాడదీయడమే నాకు నచ్చుతుంది, తొట్టె శుభ్రం చేసేటప్పుడు పైకి లాగి పెట్టుకోవచ్చు. పైన అద్దం మూత వేయకపోతే నీరు ఆవిరవుతూ తొట్టె కాస్త చల్లబడుతుంది కూడా.

అడాప్టర్, డ్రైవర్లు తొట్టె పక్కన గోడకు, గాలి ఆడే పెట్టెలో ఉండాలి. తొట్టె పైన ఎప్పుడూ కాదు. సాకెట్‌కు పోయే ప్రతి తీగా ముందు సాకెట్ కన్నా కిందికి వేలాడి, తర్వాత పైకి లేవాలి. తీగ వెంట జారిన నీటి చుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. మోటారు, హీటరు కూడా అదే సాకెట్ మీద ఉంటాయి కాబట్టి ఇంటి బోర్డులో 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చు) తప్పనిసరి. పాత ఇళ్లలో అది ఉండదు, ఎర్తింగ్ కూడా పేరుకే ఉంటుంది. లైటు కన్నా ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఆ పని చేయించండి. రాగి తీగ ముక్కలు నీళ్లలో పడకుండా చూడండి, రొయ్యలకు, నత్తలకు రాగి విషం.

సమయం, మసక

కరెంటు పోయినప్పుడల్లా గడియారంలా తిరిగే ముళ్ల టైమర్ ఆగిపోతుంది, వచ్చాక ఆగినచోటి నుంచే నడుస్తుంది. వర్షాకాలంలో వారం తిరిగేసరికి లైటు వేళలు ఎక్కడికో పోతాయి. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమర్ తీసుకోండి.

ఇంకాస్త ఓపిక ఉంటే ఆర్డుయినో నానో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు, డీఎస్3231 గడియారం బిళ్ల కలిపి వెలుతురును నెమ్మదిగా పెంచి నెమ్మదిగా తగ్గించవచ్చు. నానో 9, 10 పిన్నులు 490 హెర్ట్జ్ దగ్గర ఇచ్చే పీడబ్ల్యూఎం సంకేతం (వేగంగా ఆన్, ఆఫ్ చేస్తూ వెలుగును తగ్గించే సంకేతం) ఈ డ్రైవర్ల డిమ్మింగ్ తీగకు సరిపోతుంది. నానో గ్రౌండ్, డ్రైవర్ల ఇన్‌పుట్ మైనస్ కలిపి ఉండాలి. 24 వోల్టులు నానోకు నేరుగా ఇవ్వకూడదు. ఎల్‌ఎం2596 బిళ్లతో 5 వోల్టులకు దించి, మీటరుతో చూసుకున్నాకే కలపండి. డిమ్మింగ్ తీగ ఎక్కడికీ కలపకుండా వదిలేస్తే లైటు పూర్తి వెలుగులో ఉంటుందని గుర్తుంచుకోండి. బజారులో ఎక్కువగా దొరికే గడియారం బిళ్లలో బ్యాటరీని చార్జి చేసే చిన్న సర్క్యూటు ఉంటుంది. అందులో చార్జి కాని సీఆర్2032 వేస్తే ఉబ్బిపోయే ప్రమాదం ఉంది కాబట్టి ఆ దారిలోని డయోడ్ తీసేసి వాడాలి.

మొదటి రెండు మూడు వారాలు సగం వెలుగుతో, రోజుకు 6 గంటలు చాలు. ఆ తర్వాత వారానికి కాస్త చొప్పున పెంచుతూ 8 గంటల దగ్గర ఆపండి. వేసవిలో సాయంత్రం 4 నుంచి 10 దాకా వెలిగిస్తే గది వేడి, లైటు వేడి ఒకేసారి మీద పడవు. నీరు 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు, 32కు చేరితే 7.3 మాత్రమే. మే నెల మధ్యాహ్నం చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తుంటే వెలుతురు తగ్గించి నీటిని కదిలించాలి.

మొక్కలను చూసి దిద్దుకోవడం

రోటాలా కాడను దగ్గరగా చూడండి. ఒక ఆకు జతకూ తర్వాతి జతకూ మధ్య ఎడం పెరుగుతూ, కింది ఆకులు రాలుతుంటే వెలుతురు చాలడం లేదు. కాడ పొట్టిగా, ఆకులు దగ్గరదగ్గరగా, కొసన గులాబీ రంగు తిరుగుతుంటే సరిపోతోంది. అద్దం మీద వేలితో గీరినా ఊడని పచ్చటి చుక్కలు, ఆకుల అంచుల్లో దారాల్లాంటి నాచు వస్తుంటే ముందు ఒక గంట తగ్గించండి, వెలుగు శాతం తర్వాత. రెండూ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. కొత్త తొట్టెలో మొదటి వారాల్లో వచ్చే గోధుమరంగు పొర గురించి కంగారు వద్దు, అది చాలావరకు తనంతట తనే పోతుంది. కిటికీ ఎండ నేరుగా పడే తొట్టెకు మాత్రం ఈ లెక్కలేవీ నిలవవు, ముందు తెర వేయండి.

బోరు నీళ్లు వాడే ఇళ్లలో తుంపరలు ఆరి ఆక్రిలిక్ మూత మీద తెల్లటి ఉప్పు పొర కడుతుంది. కంటికి పెద్దగా తెలియదు గానీ వెలుతురును బాగానే మింగుతుంది. పదిహేను రోజులకోసారి లైటు తీసి పక్కన పెట్టి, నీళ్లు కలిపిన వెనిగర్‌తో మెత్తటి గుడ్డ తడిపి తుడవండి. స్పిరిట్, అద్దాలు తుడిచే ద్రవాలు వాడితే ఆక్రిలిక్ సన్నగా బీటలు తీస్తుంది. చానల్ పైవైపు రెక్కల మధ్య పేరుకున్న దుమ్మునూ అప్పుడే దులపండి.

ఎప్పుడైనా ఒక వరుస మొత్తం ఆరిపోతే సాధారణంగా పోయింది ఒక్క ఎల్‌ఈడీయే, లేదా ఒక్క టంకం అతుకే. అడాప్టర్ తీసేసి, సిలికాన్‌ను బ్లేడుతో కోసి మూత విప్పి, మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు మీద పెట్టి ఒక్కో బిళ్లకు తగిలిస్తూ పొండి. బాగున్నవి చాలా మీటర్లలో మిణుకుమంటాయి, పోయినది చీకటిగా ఉండిపోతుంది. రెండు బోల్టులు విప్పి, పాత పేస్ట్ తుడిచి, అదే రంగు కొత్త బిళ్ల బిగించి, మూత మళ్లీ అతికించే ముందు బీప్ పరీక్ష, గంటసేపు వేడి పరీక్ష మరోసారి చేయండి.